జేబులు తగ్గించండి, చేతికి తెలిసేలా కుట్టండి

ట్రావెల్ బ్యాగుల ప్రకటనల్లో జేబుల లెక్కని పెద్ద అక్షరాలతో వేస్తారు చూడండి, పద్దెనిమిది జేబులు, ఇరవై రెండు అరలు అంటూ. అది కనిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై రెండు అరలున్నాయంటే పాస్‌పోర్ట్ కనబడకుండా పోవడానికి ఇరవై రెండు చోట్లు ఉన్నట్టే కదా. సర్దేటప్పుడు భలే ఉత్సాహంగా ఉంటుంది, ఛార్జర్ ఇక్కడ, మాత్రలు అక్కడ, ఇయర్‌ఫోన్స్ ఆ పక్కనున్న బుల్లి జేబులో అని. తీరా కావాల్సి వచ్చినప్పుడు ఏది ఎక్కడ పెట్టామో ఒక్కటీ గుర్తురాదు.

నేను బ్యాగులు డిజైన్ చేసే పనిలో ఉన్నాను. నాకు ఏడీహెచ్‌డీ ఉంది, అంటే ధ్యాస ఒక చోట నిలవదు. మా అక్క కొడుక్కి ఆటిజం. కాలేజీ వయసు, కొత్త ఊళ్లంటే ఇష్టమే గానీ అక్కడికి చేరేదాకా జరిగే తతంగం ఏదీ పడదు. మా ఇద్దరికీ ఒకే బ్యాగు నచ్చడం ఇంతవరకు జరగలేదు. అందుకే న్యూరోడైవర్జెంట్, అంటే మెదడు పనితీరు చాలామందికన్నా వేరుగా ఉండే ప్రయాణికుల కోసం బ్యాగు ఎలా ఉండాలి అని ఎవరైనా అడిగితే, ఎవరి కోసం అని ముందు అడుగుతాను. ఆటిజం, ఏడీహెచ్‌డీ, కదలికలు కుదరని డిస్‌ప్రాక్సియా, చదవడం ఇబ్బందయ్యే డిస్‌లెక్సియా, ఆపుకోలేని కదలికలు, శబ్దాలు వచ్చే టౌరెట్ అన్నీ ఆ ఒక్క మాట కిందకే వస్తాయి, ఒకరికి హాయిగా ఉండేది ఇంకొకరికి నరకం. అయినా అందరికీ పనికొచ్చే సంగతి ఒకటుందని నా నమ్మకం.

ప్రయాణంలో మమ్మల్ని అలసగొట్టేది బరువు కాదు, "ఉందా, లేదా" అనే అనుమానం. క్యూలో నిలబడతాం, పాస్‌పోర్ట్ ఉందా అని జిప్ తీసి చూస్తాం, ఉంటుంది, మూసేస్తాం. పది అడుగులు వేశాక మళ్లీ అదే అనుమానం. చూశాను కదా అని బుద్ధికి తెలుసు, చెయ్యి వినదు. ఇక్కడ ఎవరూ పట్టించుకోని చిక్కు ఒకటుంది. తీసి చూసిన ప్రతిసారీ ఆ వస్తువు చోటు మారే అవకాశం పెరుగుతుంది. చేతిలో ఫోన్ ఉంటుంది, వెనకాల ఎవరో "కొంచెం జరగండి" అంటారు, కంగారులో పాస్‌పోర్ట్‌ని దొరికిన అరలో దోపేస్తాం. అంటే పోతుందేమో అన్న భయంతో చేసే పనే దాన్ని పోగొడుతుంది.

మనసులో ఒకేసారి ఎన్ని సంగతులు పట్టి ఉంచుకోగలం అనే దాని మీద మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ఏడు, అటూ ఇటూగా రెండు అన్నాడు. తర్వాత ఇంకో మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో ఆ లెక్కని సుమారు నాలుగుకి తగ్గించాడు. ఇది మామూలు పెద్దవాళ్ల సంగతి. ఎయిర్‌పోర్టులో గేటు నంబరు, టైము, పక్కన పిల్లలుంటే వాళ్లు, స్పీకర్లో వినపడే అనౌన్స్‌మెంట్, ఇక్కడికే నాలుగూ నిండిపోయాయి. ఏ అరలో ఏముందో గుర్తుపెట్టుకోమని బ్యాగు కూడా అడిగితే ఎక్కడ పెట్టాలి? ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి ఆ నాలుగు కూడా నిలకడగా నిలబడవు. కాబట్టి నా లెక్కలో బ్యాగుకి ఒకటే పరీక్ష. తెరవకుండా, చూడకుండా, ఒక చేత్తో తడిమితే "ఉంది" అని జవాబు చెప్పాలి.

ఇది అనుకున్నంత కష్టమేం కాదు. ప్రపంచంలో ఎక్కడి పాస్‌పోర్ట్ పుస్తకమైనా ఒకటే కొలత, 125 మిల్లీమీటర్ల పొడవు, 88 మిల్లీమీటర్ల వెడల్పు. అంతర్జాతీయ ప్రమాణం అది. అలాంటప్పుడు పాస్‌పోర్ట్ జేబుని అరచేయంత వదులుగా కుట్టడం దేనికో నాకు అర్థం కాదు. పుస్తకం జారి అడుగున అడ్డంగా పడిపోతుంది, దాని మీద టికెట్లు, రసీదులు, ఒక పెన్ను. సరిగ్గా ఆ కొలతకి, కుట్టుకీ అట్ట మందానికీ కాస్త వదులిచ్చి, వీపుకి ఆనుకునే వైపు కుట్టి, పైన పల్చటి గుడ్డ వేస్తే చాలు. బ్యాగు తగిలించుకునే ఉండి చెయ్యి వెనక్కి పెట్టి బొటనవేలితో తడిమితే అట్ట అంచు తగులుతుంది. అక్కడ ఫోమ్ వేయకూడదు. ఫోమ్ వేస్తే వేలికి ఏమీ తెలియదు, మళ్లీ జిప్ తీయాల్సిందే.

కంటికి కూడా జవాబు కావాలంటే విమానాల మెకానిక్కుల దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది. వాళ్ల టూల్ పెట్టెల్లో రెండు రంగుల ఫోమ్ ఉంటుంది, పైన నలుపు, కింద పసుపో ఎరుపో. ప్రతి స్పానర్‌కీ దాని ఆకారంలోనే గుంట కోసి ఉంటుంది. పని అయ్యాక పెట్టె మూసేముందు ఎక్కడైనా రంగు కనబడిందంటే ఆ పరికరం లోపలికి రాలేదని, ఇంజిన్‌లో వదిలేశారేమో వెతకాలని అర్థం. జాబితా చదవక్కర్లేదు, లెక్కపెట్టక్కర్లేదు. నేను దీన్నే బ్యాగులో పెడతాను. పాస్‌పోర్ట్, పర్సు, మందులు, హెడ్‌ఫోన్స్, ఈ నాలుగింటి జేబుల లోపలివైపు ముదురు నారింజ రంగు గుడ్డ, మిగతా లైనింగ్ అంతా లేత బూడిద రంగు. మూత తెరిస్తే నారింజ ఎక్కడా కనబడలేదా, అన్నీ ఉన్నట్టే. మామూలు బ్యాగు ఉన్నవాటిని చూపిస్తుంది, మాకు కావాల్సింది లేనిదాన్ని చూపించే బ్యాగు. హోటల్ గది ఖాళీ చేసి బయల్దేరే పొద్దున ఇది ఎంత పనికొస్తుందో చెప్పలేను. వెళ్లేటప్పుడు రెండు రోజుల ముందునుంచే సర్దుతాం, వచ్చేటప్పుడు పావుగంటలో కుక్కుతాం. ఛార్జర్లు గోడలకే మిగిలిపోయేది అప్పుడే.

లైనింగ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, దయచేసి నల్ల లైనింగ్ ఆపండి. నల్ల ఛార్జర్, నల్ల ఇయర్‌ఫోన్ డబ్బా, నల్ల పర్సు, నల్ల గుడ్డలో. అలాగని పువ్వులు, గీతలు ఉన్న లైనింగ్ కూడా వద్దు, అందులో వెతకడం ఇంకా కష్టం.

ఇప్పుడు జిప్పు. దీని మీద నేను గంటలు మాట్లాడగలను, ఇంట్లోవాళ్లు లేచి వెళ్లిపోతారు. బ్యాగు పై జిప్పుకి రెండు రన్నర్లు వేయడం అలవాటైపోయింది, ఎటునుంచైనా తీయొచ్చు అని. కానీ రెండు రన్నర్లుంటే ఆ జిప్పు మూసుకునే చోటు అంటూ ఒకటి ఉండదు. ఈరోజు నడినెత్తిన కలుస్తాయి, రేపు ఎడమ పక్కన, ఇంకోసారి కిందికి దిగి భుజం పట్టీ చాటున. వెనక్కి పెట్టిన చెయ్యి వాటి కోసం వెతుకుతూ తిరుగుతుంది, రెండింటి మధ్య రెండంగుళాల సందు తెరిచే ఉందని ఎవరో చెబితే గానీ తెలియదు. ఒకటే రన్నర్ ఉంటే ఆ గొడవే లేదు. కుడి చివర ఉందంటే మూసినట్టు, లేదంటే తెరిచినట్టు. చెయ్యి ఒక్క చోటికి వెళ్తే చాలు. ఇప్పుడు మీ దగ్గరున్న బ్యాగుకి కూడా ఇది చేసుకోవచ్చు. రెండో రన్నర్‌ని జిప్ చివరకి నెట్టి, అది తిరిగి రాకుండా దాని పక్కనే దంతాల మీదుగా నాలుగు కుట్లు గట్టిగా వేసేస్తే అది కదలదు.

జిప్ నంబర్లు కూడా చూడండి. ఐదో నంబరు, ఎనిమిది, పది అంటారు, మూసినప్పుడు దంతాల వెడల్పు సుమారుగా అన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్న బ్యాగులకి ఐదు వేసేసి చేతులు దులుపుకుంటారు. డిస్‌ప్రాక్సియా ఉన్నవాళ్లకి, అంటే వేళ్ల కదలికలు అనుకున్నట్టు కుదరని వాళ్లకి, ఎనిమిది పైన ఉంటే ఎంతో తేడా. ప్లాస్టిక్ కాయిల్ జిప్ మూలల దగ్గర మెత్తగా తిరుగుతుంది, శబ్దం తక్కువ. నీళ్లు పోకుండా పూత పూసిన జిప్పులు చూడ్డానికి బాగుంటాయి గానీ లాగాలంటే బలం కావాలి. ఇంకో చిన్న సంగతి, జిప్ మొదలయ్యే చోట పట్టుకోవడానికి ఒక గుడ్డ చెవి కుట్టాలి. జిప్ లాగడం ఒక చేతి పని అనుకుంటాం, నిజానికి రెండో చెయ్యి అటు చివర బిగించి పట్టకపోతే బ్యాగు మొత్తం వెంట వచ్చేస్తుంది. ఆ చెవి లేని బ్యాగుల్ని జనం మోకాళ్ల మధ్య నొక్కిపట్టి తీస్తుంటారు, గమనించండి.

నంబర్ తాళాలు, అంకెలతో ఇబ్బంది ఉన్నవాళ్లకి అదో శిక్ష. దాని గురించి ఇంతే.

జిప్పుల బాధ లేకుండా అయస్కాంతం పెడితే సరిపోతుంది కదా అని నేనూ అనుకున్నాను. దగ్గరకి తెస్తే తనంతట తనే అతుక్కుంటుంది, వేళ్లకి పని లేదు, వెల్క్రోలాగా చర్రున చీరిన శబ్దం లేదు. మా అక్క కొడుక్కి శబ్దాలు పడవు కాబట్టి వాడికోసమే చేసినట్టుంటుందని ఒక ఫ్లాప్‌కి పెట్టి ఇచ్చాను. వాడు ఒకసారి మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. "పిన్నీ, మూసుకుందని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. అతుక్కుంది కదరా అంటే, "అది నువ్వు చూసి చెప్తున్నావు" అన్నాడు. వాడికి కావాల్సింది టక్కుమనే ప్లాస్టిక్ బకిల్. రెండు మూడు చోట్ల ఇదే మాట వేరేవాళ్లూ చెప్పాక నాకు అర్థమైంది ఏంటంటే, తను చేసే శబ్దం వేరు, తన మీద వచ్చి పడే శబ్దం వేరు. మొదటిది ముందే తెలుసు, తన చేతిలో ఉంది, పైగా పని అయిందని చెబుతుంది. రెండోదే ప్రాణం తీస్తుంది. కాబట్టి "నిశ్శబ్దంగా ఉండే బ్యాగు" అనేది సరైన లక్ష్యం కాదు. టక్కుమని బిగుసుకునే అయస్కాంతపు బకిళ్లు కూడా ఉన్నాయి, అవి బాగున్నాయి. గుండెకి పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం గట్టి అయస్కాంతాన్ని ఛాతీ దగ్గరకి రానీయకూడదు, అందుకని ఛాతీ పట్టీకి నేను అయస్కాంతం పెట్టను.

శబ్దం తగ్గించాల్సిన చోటు చక్రాలు. గట్టి ప్లాస్టిక్ చక్రాలు టైల్స్ మీద చేసే గడగడ, ఒక్కో అతుకు దగ్గర టక్, టక్, ఆగకుండా అరగంట. అది మన వెనకాలే వస్తుంటుంది, తప్పించుకోలేం. మెత్తటి పాలీయురేథేన్ చక్రం, వీలైనంత పెద్దది, అంతే. లాగే హ్యాండిల్ గొట్టాల్లో వదులు వల్ల వచ్చే గలగల ఇంకోటి. నాలుగు చక్రాల పెట్టెలు పక్కనే నడుస్తాయి కాబట్టి నాకు ఇష్టం, కానీ కదిలే బస్సులోనో రైల్లోనో దాన్ని కాలితో ఆపి పట్టుకుని కూర్చోవడం ఒక ఉద్యోగం. ధ్యాసలో కొంత దానికే పోతుంది. చక్రాలకి బ్రేక్ ఉన్న పెట్టెలు జపాన్ కంపెనీలు చాన్నాళ్లుగా చేస్తున్నాయి, మిగతావాళ్లు ఎందుకు చేయరో.

సెక్యూరిటీ దగ్గరకి వద్దాం, అసలు పరీక్ష అక్కడే. ట్రే ముందు నిలబడ్డ మనిషిని ఒకసారి చూడండి. బెల్టు తీయాలి, ఫోన్ తీయాలి, ల్యాప్‌టాప్ తీయాలి, ద్రవాల సంచి తీయాలి, అది కూడా 2006లో మొదలై చాలా చోట్ల ఇంకా ఉన్న లెక్క, ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో ఉండాలి. వెనక ట్రేలు తోస్తుంటారు, లైటు తెల్లగా పొడుస్తుంటుంది, ఎవరో గట్టిగా ఏదో చెబుతుంటారు. ఇంకా ఘోరం ఏంటంటే రూలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొత్త సీటీ స్కానర్లు వచ్చిన చోట్ల ల్యాప్‌టాప్ తీయక్కర్లేదంటారు, పాత మెషీన్లున్న చోట తీయమంటారు, ఒకే ఎయిర్‌పోర్టులో రెండు లైన్లకి రెండు పద్ధతులు. మా వాడికి రూలు కఠినంగా ఉంటే టెన్షన్ లేదు, మారుతుంటే టెన్షన్.

ఈ తంతుని బ్యాగు తగ్గించగలదని అమెరికాలో ఎయిర్‌పోర్టు భద్రత చూసే టీఎస్ఏ వాళ్లు 2008లోనే ఒప్పుకున్నారు. ల్యాప్‌టాప్ అర పుస్తకంలా తెరుచుకుని బల్లపరుపుగా పడుకోవాలి, ల్యాప్‌టాప్ పైనా కిందా జిప్పులు, లోహపు బకిళ్లు, ఇంకే సామానూ ఉండకూడదు, అలాంటి బ్యాగైతే లోపలుంచే పంపొచ్చు అన్నారు. ఆ ఆలోచన నాకు నచ్చింది గానీ ఎక్కడికెళ్తే అక్కడ చెల్లదు కదా. అందుకని నేను ఇంకో దారి పట్టాను. తీయమన్నా, వద్దన్నా ఒకే కదలిక. బ్యాగు పై భాగంలో ఒక సంచి, దానికి ఒక పిడి. ల్యాప్‌టాప్, ద్రవాలు, పవర్ బ్యాంక్ అన్నీ అందులోనే ఉంటాయి. పిడి పట్టి లాగితే సంచి మొత్తం బయటకొచ్చి ట్రేలో పడుకుని రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది. తర్వాత మడిచి దోపేయడమే, చోటు ఒకటే కాబట్టి ఆలోచన లేదు. జేబులోని ఫోన్, బెల్టు, తాళాలు కూడా ఆ సంచిలోనే పడేసేలా పైన మూతున్న జాగా ఒకటి ఉంచాలి. ట్రేలో విడివిడిగా పడి ఉన్న చిన్న వస్తువులే వెనకబడిపోతాయి.

ఆ సంచి ఇంకో గండం కూడా దాటిస్తుంది. విమానం ఎక్కబోతుంటే పైన జాగా లేదు, మీ బ్యాగు కింద వేస్తాం అంటారు. అరనిమిషం టైము. లిథియం పవర్ బ్యాంకులు చెక్-ఇన్ సామానులోకి వెళ్లకూడదు, మన దగ్గరే ఉండాలి. అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల దాకా, అంటే 3.7 వోల్టుల లెక్కన సుమారు 27,000 ఎంఏహెచ్. ఆ అరనిమిషంలో పవర్ బ్యాంక్ ఎక్కడుందో వెతకాలి, మందులు తీయాలి, పాస్‌పోర్ట్, హెడ్‌ఫోన్స్, చుట్టూ జనం చూస్తుంటే నేల మీద బ్యాగు పరిచి. ఇక్కడ కుప్పకూలిపోయే మనుషులు ఉన్నారు, అది మొండితనం కాదు. పాస్‌పోర్ట్, మందులు, హెడ్‌ఫోన్స్ తెలిసిన చోట్ల నుంచి తీసి సంచిలో పడేసి, దాన్ని లాగి భుజాన వేసుకుని బ్యాగు అప్పజెప్పేస్తే గొడవ లేదు. ఈ ఒక్క కారణంగానైనా ప్రతి క్యాబిన్ బ్యాగులో బయటకొచ్చే లోపలి సంచి ఉండాలి అంటాను నేను.

మందుల జేబు విషయంలో డిజైనర్లు ముద్దుగా చిన్న చిన్న గళ్ల డబ్బాలు ఇస్తుంటారు, సోమ, మంగళ అని. ఇంట్లో బాగుంటాయి, సరిహద్దు దాటేటప్పుడు కాదు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో నియంత్రిత పదార్థాల జాబితాలో ఉంది, జపాన్ అయితే యాంఫెటమిన్ ఉన్న మందుల్ని అసలు లోపలికే రానివ్వదు. వెళ్లే దేశం రూలు ముందే చూసుకుని, మందుని దాని సొంత పెట్టెలో, లేబుల్‌తో, డాక్టర్ చీటీతో కలిపి ఉంచుకోవాలి. కాబట్టి ఆ జేబు పెట్టె పట్టేంత ఎత్తుండాలి, వెనకాల నాలుగు మడతలు పెట్టిన ఏ4 కాగితం దూరాలి. గళ్లు వద్దు.

ఇప్పుడు నాకూ మా అక్క కొడుక్కీ పడని చోటు. నాకు కంటికి కనబడనిది లేనట్టే. మూత కింద పెట్టిన పుస్తకం ఇంటికొచ్చాక దొరికితే, అరే ఇది తెచ్చానా అనుకుంటాను. అందుకని నాకు అన్నీ నెట్ జేబుల్లో, పారదర్శకంగా, ఒక్క చూపులో కనబడాలి. వాడికి అదే తెరిస్తే తల తిరుగుతుంది, అన్ని వస్తువులూ ఒకేసారి మీద పడుతున్నట్టు ఉంటుందట. పైగా నెట్టు గరుకు వేళ్లకి తగలడం వాడికి అసలు పడదు. పారదర్శకమైన పీవీసీ వేద్దామంటే కొత్తలో వచ్చే వాసన, లైటు పడితే మెరుపు, మందులు అందరికీ కనబడటం. టీపీయూ అనే ఇంకో రకం ప్లాస్టిక్ వేస్తే వాసన చాలా తక్కువ. చివరికి కుదిరింది ఏంటంటే, లోపల కిటికీలున్న పలక, దాని మీద సాదా గుడ్డ తెర. నేను తెరని చుట్టి పైన గుండీతో బిగించేసుకుంటాను, వాడు దించేసి ఉంచుకుంటాడు. ఒకే బ్యాగు, రెండు రకాలు. ఆటిజం బ్యాగు, ఏడీహెచ్‌డీ బ్యాగు అని విడివిడిగా అమ్మడం కన్నా ఇలా తీసేసుకునేవి, మార్చుకునేవి ఇవ్వడం మేలు. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి కూడా, అలాంటివాళ్లు ఏ బ్యాగు కొనాలి?

ఒంటికి తగిలే సంగతులు తేలిగ్గా తీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. శబ్దం, వెలుతురు, స్పర్శ లాంటివి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడం అనేది మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చినప్పుడు అందులో ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేరింది. సున్నితం, గారాబం అని కొట్టిపారేసే విషయం కాదు. బ్యాగులో ఇది ఎక్కడెక్కడ పొడుస్తుందంటే, నైలాన్ పట్టీ అంచు మెడ పక్కన గీసుకుంటుంది, అంచుకి మెత్తటి గుడ్డ చుట్టి కుట్టాలి. పట్టీల తోకలు వేలాడుతూ చేతికి తగులుతుంటాయి, వాటిని బిగించే ఎలాస్టిక్ రింగు కావాలి. వీపు దగ్గర కంపెనీ లేబుల్ కుట్టే పెద్దమనిషి ఎవరో తెలియదు గానీ, దాన్ని కత్తిరిస్తే మిగిలే మొండి అంచు లేబుల్ కన్నా ఘోరంగా గుచ్చుకుంటుంది. అచ్చు వేయండి, కుట్టకండి. చేతికి ఏదో ఒకటి తిప్పుతూ ఉండాల్సిన వాళ్లకి పట్టీ లోపలివైపు ఒక గరుకు అతుకు, ఒక తాడు ముడి పెడితే బయటకి కనబడకుండా వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు.

గట్టిగా హత్తుకున్నట్టు ఒత్తిడి ఉంటే కొందరికి నెమ్మదిగా అనిపిస్తుంది. ఆటిజం ఉన్న అమెరికా పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ చిన్న వయసులో బంధువుల పశువుల క్షేత్రంలో ఆవుల్ని రెండు పక్కలా నొక్కిపట్టే చట్రం చూసి, తన కోసం అలాంటి యంత్రం కట్టుకున్న సంగతి చాలామందికి తెలుసు. దాన్ని పట్టుకుని బ్యాగులో బరువులు పెట్టి అమ్మాలనే ఆలోచన మాత్రం నాకు నచ్చదు. బరువు జాకెట్ల మీద జరిగిన పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు, పైగా క్యాబిన్ బరువు లెక్కలో మన సామాను తగ్గించుకోవాలి. ఛాతీ పట్టీ, నడుం పట్టీ వెడల్పుగా, కావాల్సినంత బిగించుకునేలా ఉంటే ఒత్తిడి ఇష్టమున్నవాళ్లు బిగించుకుంటారు, లేనివాళ్లు పూర్తిగా ఊడదీసి పక్కన పెడతారు. ఊడి రావాలి, అది ముఖ్యం.

ఇక బయటి రూపం. ఆటిజానికి గుర్తుగా పజిల్ ముక్కల బొమ్మ అచ్చు వేసిన బ్యాగులు నాకు ఇప్పటికీ బహుమతిగా వస్తుంటాయి. ఆ గుర్తు 1963లో బ్రిటన్‌లో మొదలైంది, ఇప్పుడు ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి అదంటే చిరాకు, మేమేం ముక్క తప్పిపోయిన బొమ్మలమా అంటారు. 2016లో లండన్ గ్యాట్విక్ ఎయిర్‌పోర్టులో మొదలైన, పైకి కనబడని ఇబ్బంది ఉందని చెప్పే పొద్దుతిరుగుడు పువ్వు మెడతాడు వేరు, అది కావాలనుకున్నవాళ్లు కావాలనుకున్నప్పుడు వేసుకుంటారు, అక్కడి సిబ్బందికి దాని అర్థం తెలుసు. బ్యాగు మీద కుట్టేసినది తీయలేం. ఆ మెడతాడు తగిలించుకోవడానికి ఒక చిన్న లూప్ ఇవ్వండి, వద్దనుకుంటే లోపలికి మడిచేసుకునేలా. చాలు.

బ్యాగుల్ని పరీక్షించే తీరు కూడా మారాలి. నిశ్శబ్దమైన గదిలో, బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఖాళీగా ఉన్న మనిషికిచ్చి ఎలా ఉంది అంటే బ్రహ్మాండంగా ఉందనే అంటారు. నేను చేసేది, ఒక చేతిలో ఫోన్ ఇస్తాను, పెద్దగా అనౌన్స్‌మెంట్ల రికార్డింగ్ పెడతాను, నిలబడే ఉండమంటాను, కింద పెట్టొద్దంటాను, హెడ్‌ఫోన్స్ తీయమంటాను. తర్వాత మధ్యలో ఆపి, పాస్‌పోర్ట్ ఎక్కడుంది అంటాను. మాటతో జవాబు చెబితే బ్యాగు ఫెయిల్ అయినట్టే. చెయ్యి దానంతట అది అక్కడికి వెళ్లాలి.

కంపెనీల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు వేరే ఉంది. ఒక బ్యాగు ఒంటికి అలవాటు కావడానికి, ఏది ఎక్కడుందో చేతికి తెలియడానికి మాకు నెలలు పడుతుంది. సరిగ్గా అప్పటికి ఆ మోడల్ ఆపేస్తారు. అదే పేరుతో కొత్తది తెస్తారు, జేబు అంగుళం పక్కకి జరిగి ఉంటుంది, లైనింగ్ మారి ఉంటుంది, "మరింత మెరుగ్గా" అని రాసి ఉంటుంది. ఎవరడిగారు? డిజైన్ మార్చాలనిపిస్తే కొత్త పేరు పెట్టండి, పాతది అలాగే చేస్తూ ఉండండి, లేదంటే విడిభాగాలైనా అమ్మండి, రన్నర్లు, బకిళ్లు, పట్టీలు, లైనింగ్ గుడ్డ మీటర్లలో. కొలతలు బయట పెట్టండి. కుట్టుపని వచ్చినవాళ్లు మిగతాది చూసుకుంటారు.

మా అక్క కొడుకు బ్యాగు అలా ఆగిపోయిన మోడలే. జిప్పులు మార్చాను, అడుగు గుడ్డ మార్చాను, ఇప్పుడు భుజం పట్టీల్లో ఫోమ్ అణిగిపోయింది. అదే మందం, అదే గట్టిదనం ఉన్న ఫోమ్ దొరకడం లేదు, రెండు పల్చటి పొరలు అతికించి ఎడమ పట్టీలో పెట్టి ఇచ్చాను. ఎడమది వేరేగా ఉందని కనిపెట్టేశాడు, ఇంకా ఒప్పుకోలేదు. ఎవరికైనా ఎనిమిది మిల్లీమీటర్ల గట్టి ఈవీఏ ఫోమ్ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.